“300 వాట్ల” సోలార్ కిట్ కొనేముందు ఇది చదవండి: పడవలు ఉన్నవాళ్లకు హెచ్చరిక

మేరీల్యాండ్‌లో అనాపొలిస్ దగ్గర మాకో చిన్న తెరచాప పడవ ఉంది, 27 అడుగులది. గాలి ఉన్నంతసేపు ఇంజిన్ వేయం కాబట్టి బ్యాటరీ నిండాలంటే ఎండే ఆధారం. ఈ వేసవి కోసం ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాను. వంగే ప్యానెల్, దాని నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలర్, వైర్లు అన్నీ కలిపి 189 డాలర్లు. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద 300 వాట్లు అని ఉంది. దయచేసి అలాంటిది మీరెవరూ కొనకండి. డబ్బు సంగతి అటుంచండి, పిల్లలతో నీళ్ల మీద ఉండగా బ్యాటరీ అడుగంటితే ఎలా ఉంటుందో నేను చూశాను.

జులైలో ఆ దగ్గర్లోనే ఉన్న రోడ్ రివర్ అనే నదిలో లంగరు వేసి మూడు రాత్రులు ఉన్నాం. మాది 100 ఆంపియర్-అవర్ల ఏజీఎమ్ (సీసం-ఆమ్లం రకం) బ్యాటరీ, ఒక్కటే. అందులో సగమే వాడుకోవాలి, అంతకన్నా దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఫ్రిజ్, లైట్లు, రేడియో, ఫోన్లు కలిపి రోజుకు 50 ఆంపియర్-అవర్ల దాకా లాగుతాయి. నిజంగా 300 వాట్లయితే, మంచి ఎండ రోజున దానికి రెట్టింపు రావాలి. మూడో రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. మీటర్ 11.6 వోల్టులు చూపిస్తోంది, అంటే బ్యాటరీ దాదాపు ఖాళీ. లంగరు వేసిన పడవ మీద రాత్రంతా తెల్ల లైటు వెలుగుతూ ఉండాలి, చీకట్లో వచ్చే మోటార్ బోట్లకు మనం కనపడేది దానితోనే. అది ఆరిపోతుందేమోనన్న టెన్షన్‌తో మిగతావన్నీ ఆపేసి తెల్లారేదాకా కూర్చున్నాను. పొద్దున ఇంజిన్ తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. పక్క పడవ పెద్దాయన కేబుల్ ఇచ్చి ఆదుకున్నారు. మా చెసాపీక్ బేలో (ఈ నది కలిసే అఖాతంలో) వేసవి సాయంత్రాలు గాలివాన ఉన్నట్టుండి వస్తుంది. అప్పుడు లంగరు జారితే ఇంజినే దిక్కు.

ఇంటికొచ్చి ముందు ప్యానెల్‌కు టేపు పట్టాను. 105 సెంటీమీటర్ల పొడవు, 54 వెడల్పు. అంటే అర చదరపు మీటరు కన్నా కొంచెం ఎక్కువ. మిట్టమధ్యాహ్నం ఎండలో చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు పడుతుంది. మంచి ప్యానెల్ అయినా అందులో 200 నుంచి 240 వాట్లే కరెంటుగా మారుస్తుంది. ఆ లెక్కన ఈ సైజులో 120, 130 దాటే ప్రశ్నే లేదు. 300 కావాలంటే దీనికి రెండింతలకు పైగా పెద్దదై ఉండాలి. కొనేముందు పేజీలో ఇచ్చిన కొలతలు గుణించి చూసుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. నేను వాట్లు మాత్రమే చూశాను.

క్లాంప్ మీటర్‌తో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) చూస్తే ఎండలో 5.6 ఆంపియర్లు. ప్యానెల్ 18 వోల్టులది కాబట్టి అది సుమారు వంద వాట్లు. స్టిక్కర్ లెక్క ప్రకారం 16 రావాలి. పడవలో బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ దూలం) నీడ ఒక మూల పడగానే అదీ సగానికి పడిపోయింది.

కంట్రోలర్ మీద ఎంపీపీటీ అని పెద్ద అక్షరాలు. అంటే ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు మార్చి, వాట్లు వృథా కాకుండా చూసే రకం. మూత విప్పితే లోపల రాగి తీగ చుట్టిన కాయిల్ లేదు. ఆ కాయిల్ లేకుండా ప్యానెల్ 18 వోల్టులను బ్యాటరీకి తగ్గట్టు మార్చడం కుదరదు. ఇది వోల్టేజీ మార్చలేని మామూలు పీడబ్ల్యూఎమ్ రకం. అంటే ఆ ఉన్న వంద వాట్లలోనూ 70 చిల్లరే బ్యాటరీకి చేరుతోంది.

నాకు అన్నిటికన్నా భయం వేసింది వైరు చూసి. పడవల్లో వాడే మంచి వైరు పైకి వెండిలా మెరుస్తుంది, ఎందుకంటే రాగి మీద తగరం పూత ఉంటుంది. గీకితే ఎర్రగా రాగి కనపడుతుంది. ఇది తిరగబడింది: పైన ఎర్రటి పొర, చాకుతో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం. ఉప్పు గాలికి కనెక్షన్ల దగ్గర తొందరగా తినేస్తుంది, అక్కడ వేడెక్కుతుంది. కిట్‌లో ఫ్యూజ్ కూడా ఇవ్వలేదు. ఆ వైరు పక్కనే మా పిల్లలు మూడు రాత్రులు పడుకున్నారు.

అమ్మినవాళ్లకు రాస్తే “15 డాలర్లు ఇస్తాం, ప్యానెల్ మీరే ఉంచుకోండి” అన్నారు. ఒప్పుకోకండి. నేను ఒప్పుకోలేదు. టేపు పెట్టి తీసిన ఫోటో, క్లాంప్ మీటర్ ఫోటో, వైరు గీకిన ఫోటో జతచేసి క్రెడిట్ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ (డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు) వేశాను. అమెరికాలో ఉన్నవాళ్లు ఆలస్యం చేయకండి, ఆ కొనుగోలు ఉన్న స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి.

గాలిమర కొనాలనుకునేవాళ్లు కూడా రెక్కల వ్యాసం చూడండి. 1.2 మీటర్ల చక్రం మీద 400 వాట్లని రాస్తే, అది దాదాపు 28 నాట్ల (గంటకు సుమారు 52 కిలోమీటర్ల) గాలిలో వచ్చే మాట. పది నాట్లకు పాతిక వాట్లు వస్తే గొప్ప.

ప్రస్తుతం ఆ కిట్ మొత్తం విప్పేసి గరాజ్‌లో పెట్టాను, బ్యాంకు తేల్చేదాకా పారేయను. ఇలాంటిది ఇప్పటికే బిగించి ఉంటే, ఈసారి లంగరు వేసేలోపు వైరు చివర ఒక్కసారి గీకి చూడండి.