నల్గొండలో కెనడా పీఆర్ కన్సల్టెన్సీ: కాగితాల పనికి డబ్బు ఇవ్వవచ్చు, పాయింట్లకు కాదు

మా తమ్ముడు, మరదలు కెనడాలో శాశ్వత నివాసం కోసం, అంటే అందరూ పీఆర్ అని పిలిచే దాని కోసం, నల్గొండలోని ఒక కన్సల్టెన్సీ ద్వారా దరఖాస్తు చేసుకున్నారు. తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, మరదలు అక్కడే ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇద్దరికీ సెలవులు దొరకడం కష్టం కాబట్టి ఫైలు పనులన్నీ దాదాపు నా చేతుల మీదుగానే జరిగాయి. నిరుడు మరదలి పేరు మీద ఇన్విటేషన్, అంటే పీఆర్‌కు దరఖాస్తు పెట్టుకోమని కెనడా ప్రభుత్వం పంపే పిలుపు, వచ్చింది, ఆ తరువాత పీఆర్ కూడా మంజూరైంది. పని పూర్తయింది కనుక ఆ సంస్థ సేవలో ఏది బాగుందో, ఏది బాగాలేదో రాయడం అవసరమనిపించింది. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. క్లాక్ టవర్ చుట్టుపక్కల, రామగిరిలో, హైదరాబాద్ రోడ్డు మీద ఇదే పద్ధతిలో నడిచే ఆఫీసులు చాలా ఉన్నాయి. మిర్యాలగూడలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ఇదే తీరు. పేరు కన్నా పద్ధతి తెలియడం వెళ్లాలనుకునే వారికి ఎక్కువ ఉపయోగం.

ముందు డబ్బు సంగతి. సర్వీసు ఛార్జీ లక్ష రూపాయలు దాటింది. దానిని మూడు విడతలుగా తీసుకున్నారు: సంతకం చేసిన రోజున ఒకటి, ప్రొఫైల్ పెట్టినప్పుడు ఒకటి, ఇన్విటేషన్ వచ్చాక మిగిలినది. ఇది పూర్తిగా వారి ఫీజు. కెనడా ప్రభుత్వానికి కట్టే రుసుము వేరు. మేము కట్టిన నాటికి, 2024 ఏప్రిల్ 30న సవరించిన రేట్ల ప్రకారం, పెద్దవారు ఒక్కొక్కరికి ప్రాసెసింగ్ 950 డాలర్లు, శాశ్వత నివాస హక్కు రుసుము 575 డాలర్లు, మొత్తం 1,525 కెనడా డాలర్లు ఉండేది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష, మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో తేల్చే మదింపు, మెడికల్, బయోమెట్రిక్స్ ఖర్చులు దీనికి అదనం. మొదటి రోజు మాకు చూపించిన రంగుల కరపత్రంలో సర్వీసు ఛార్జీ తప్ప ఇవేవీ లేవు. అడిగితే చెప్పారు, అడగకపోతే చెప్పేవారు కాదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (పాయింట్ల లెక్కన పీఆర్‌కు అభ్యర్థులను ఎంచే కెనడా ప్రభుత్వ పద్ధతి) ప్రొఫైల్ పెట్టడానికి కెనడా ప్రభుత్వం ఒక్క పైసా తీసుకోదన్న సంగతి కూడా అలాగే అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

ఇక వారి అసలు బలం కాగితాల పని. ఈ విషయంలో ఆ ఆఫీసును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. మన దగ్గర సర్టిఫికెట్ల తిప్పలు బయటి ఊళ్ల సలహాదారులకు అర్థం కావు. తమ్ముడి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బీటెక్ మెమోలలో ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే చోట ఉంది. మరదలి పాస్‌పోర్టు పుట్టింటి ఇంటిపేరుతో ఉంటే, ఆసుపత్రి ఇచ్చిన అనుభవ పత్రంలో మా ఇంటిపేరు ఉంది. ఫైలు చూసే అమ్మాయి ఒక తెల్లకాగితం మీద నిలువు గీతలు కొట్టి, ప్రతి పత్రంలో పేరు అక్షరం అక్షరం ఎలా ఉందో వరుసగా రాసి, తేడా ఉన్న చోట ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టింది. ఏది అఫిడవిట్‌తో సరిపోతుందో, ఏది పాస్‌పోర్టులోనే మార్చుకోవాలో అప్పటికప్పుడు తేల్చి చెప్పింది. ఆ ఒక్క కాగితం వల్ల తరువాత మాకు ఎక్కడా ఫైలు ఆగలేదు.

డిగ్రీల మదింపులోనూ అంతే శ్రద్ధ చూపించారు. తమ్ముడు చదివింది నల్గొండ దగ్గరి కాలేజీలోనే అయినా యూనివర్సిటీ జేఎన్‌టీయూ హైదరాబాద్ కాబట్టి ట్రాన్‌స్క్రిప్టులు (యూనివర్సిటీ ధ్రువీకరించిన మార్కుల వివరాలు) కూకట్‌పల్లి నుంచి రావాలి. మరదలు బీఎస్సీ నర్సింగ్ చేసే నాటికి మన రాష్ట్రంలోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇంకా ఆ బాధ్యత తీసుకోలేదు. ఆమె డిగ్రీ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. ఆ విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్ పేరుగా మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. కెనడాలో డిగ్రీని మదింపు చేసే వారికి ఈ చరిత్ర తెలిసి ఉండాలని ఏమీ లేదు కనుక, రెండు పేర్లూ ఒకే సంస్థవని వివరించే లేఖను వీరు ముందుగానే జతపరిచారు. ట్రాన్‌స్క్రిప్టులను అభ్యర్థి స్వయంగా స్కాన్ చేసి పంపితే చెల్లదని, యూనివర్సిటీయే నేరుగా పంపాలని, సీలు వేసిన కవరు చేతికి వస్తే పొరపాటున కూడా విప్పవద్దని నాతో ఒకటికి రెండుసార్లు చెప్పారు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు హైదరాబాద్ పోనక్కర లేదని, 2022 నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలలో కూడా దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది కూడా వీరే. మెడికల్‌కు మాత్రం కెనడా గుర్తించిన ప్యానెల్ డాక్టరు దగ్గరికే, అంటే హైదరాబాద్‌కే వెళ్లాలి.

బ్యాంకు నిల్వ గురించి ఇచ్చిన సలహా మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా పనికివస్తుంది. అక్కడికి వెళ్లి స్థిరపడడానికి చూపించే డబ్బు అప్పు తెచ్చినది కాకూడదు, ఆరు నెలల సగటు నిల్వ కనిపించాలి. మన ఇళ్లలో డబ్బు అలా బ్యాంకులో నిలకడగా ఉండదు; చిట్టీ ఎత్తితేనో, వడ్లు అమ్మితేనో, బంగారం కుదువ పెడితేనో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. బంగారం మీద తెచ్చిన డబ్బు అప్పు కిందికే వస్తుందని, చిట్టీ డబ్బుకు పాసుబుక్కు, ధాన్యం డబ్బుకు అమ్మకం రసీదు జతపరచాలని, తండ్రి ఇచ్చిన సొమ్ముకు తిరిగి చెల్లించనవసరం లేదన్న లేఖ ఉండాలని వీరు ఏడాది ముందే చెప్పి మాతో చేయించారు.

ఇంత చక్కగా పనిచేసే చోట పాయింట్ల దగ్గరికి వచ్చేసరికి మాటల తీరు మారిపోవడం నాకు బాధ కలిగించింది. కౌన్సెలింగ్ చేసే ఆయన మొదటి రోజే "పీఆర్ గ్యారంటీ అన్నా, మీరు రంది పడకుండ్రి" అన్నాడు. ఇందులో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. 2015 జనవరిలో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో అభ్యర్థులందరినీ 1,200 పాయింట్లకు లెక్కకట్టి, పైనుంచి కొందరిని పిలుస్తారు. ఇలా పిలవడాన్నే డ్రా అంటారు. ఏ డ్రాలో ఎంతకు తెగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. మన చేతిలో ఉన్నది మన పాయింట్లు పెంచుకోవడమే, అది ఎలాగో ఆయన చెప్పలేదు. భార్యాభర్తలు కలిసి దరఖాస్తు చేస్తే ప్రధాన అభ్యర్థి (ఎవరి పేరు మీద ఫైలు నడుస్తుందో వారు) వయసుకు 20 నుంచి 29 ఏళ్ల వరకు 100 పాయింట్లు, ముప్పై నిండినప్పటి నుంచి నలభై వరకు ఏటా అయిదు చొప్పున, ఆ తరువాత ఇంకా వేగంగా తగ్గుతాయి. కాబట్టి ఆలస్యానికి ఖరీదు ఉంది. ఇంగ్లిష్ పరీక్షకు ఉన్న బరువు ఇంకా పెద్దది. ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ (వినడం) 8, చదవడం, రాయడం, మాట్లాడడం అనే మిగిలిన మూడింటిలో 7 వస్తే దానిని కెనడా భాషా కొలమానంలో తొమ్మిదో స్థాయిగా లెక్కిస్తారు. ఒక డిగ్రీ, విదేశీ అనుభవం మూడేళ్లు దాటిన ప్రధాన అభ్యర్థికి, మూడింటిలో 7 వచ్చి లిజనింగ్‌లో మాత్రం 8కి బదులు 7.5 వస్తే, ఆ అర బ్యాండుకు 44 పాయింట్లు పోతాయి. ఎందుకంటే లిజనింగ్‌కు తగ్గే ఏడుతో పాటు, నాలుగింటిలోనూ తొమ్మిదో స్థాయి ఉంటేనే ఇచ్చే అదనపు పాయింట్లు 37 కూడా జారిపోతాయి. లక్ష రూపాయల సేవలో మొదటి గంటలో చెప్పవలసిన మాట ఇది. మేము దీనిని కెనడా ప్రభుత్వ వెబ్‌సైటులోని పట్టికలు చూసి తెలుసుకున్నాము.

అయితే ఒక్క సలహాకు ఆయనకు కృతజ్ఞత చెప్పాలి. తమ్ముడిని కాకుండా మరదలిని ప్రధాన అభ్యర్థిగా పెట్టమన్నది ఆయనే. 2023 నుంచి కెనడా కొన్ని వృత్తుల వారికి, ఫ్రెంచి తెలిసిన వారికి వేరుగా డ్రాలు తీస్తున్నది, ఆ వృత్తులలో వైద్యసేవలు ఒకటి. మా ఇంట్లో సాఫ్ట్‌వేర్ జీతమే పెద్దది కనుక తమ్ముడే ముందుండాలని అందరం అనుకున్నాము. మరదలి నర్సు ఉద్యోగ అనుభవమే ఇన్విటేషన్ తెచ్చింది. కానీ పీఆర్ వచ్చినంత మాత్రాన ఆమె అక్కడ నర్సుగా పనిచేయడానికి వీలు లేదని, వెళ్లే ప్రావిన్సులోని నియంత్రణ సంస్థలో రిజిస్ట్రేషన్ కావాలని, అందుకు ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ అనే నర్సుల లైసెన్సు పరీక్ష ఉంటుందని వీరు ఎక్కడా ప్రస్తావించలేదు. మా ఊరి నర్సు ఒకరు ముందే వెళ్లి ఉండడం వల్ల ఆమె ద్వారా తెలిసింది.

రెండు విషయాలు మాత్రం క్షమించదగినవి కావు. మధ్యలో ఒక ఉద్యోగి ఫోన్ చేసి, మరికొన్ని లక్షలు పెట్టుకుంటే జాబ్ ఆఫర్ తెప్పిస్తామని, దానితో పాయింట్లు పెరుగుతాయని చెప్పాడు. జాబ్ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లను కెనడా 2025 మార్చి 25 నుంచి తీసివేసింది, ఆ ఫోన్ వచ్చింది ఆ తరువాతే. ఆఫర్లను అమ్మడం, కొనడం ఎలాగూ చట్టవిరుద్ధం. రెండోది, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద టైపు చేయించుకోమని ఇచ్చిన అనుభవ పత్రం నమూనా. అందులోని విధుల జాబితా కెనడా వృత్తుల వర్గీకరణ పేజీలో నర్సు కింద ఉన్నదే, వాక్యం మారకుండా ఉంది. మరదలు చేసేది డయాలసిస్ వార్డు పని. ఆ జాబితాలో సగం ఆమె చేయనే చేయదు. తప్పుడు సమాచారం ఇచ్చినట్లు తేలితే అయిదేళ్లపాటు దరఖాస్తుకే వీలు లేకుండా నిషేధం పడుతుంది, ఆ నిషేధం పడేది అభ్యర్థి మీద, ఆఫీసు మీద కాదు. మేము ఒప్పుకోక, నర్సింగ్ సూపరింటెండెంట్ గారిని బతిమాలి ఆమె నిజంగా చేసే పనులతోనే పత్రం రాయించుకున్నాము. యజమానికి చెప్పినప్పుడు ఆయన ఫోన్ విషయంలో ఉద్యోగిని మందలించాడు, నమూనా విషయంలో మాత్రం "అందరికీ ఇదే ఇస్తున్నం" అన్నాడు.

సంతకం చేసే ముందు చూసుకోవలసినది మరొకటి ఉంది. డబ్బు తీసుకుని కెనడా ఫైలును నడిపించే అధికారం ఆ దేశ చట్టం ప్రకారం అక్కడి న్యాయవాదులకు, న్యాయవాద సంఘాలలో సభ్యులైన పారాలీగల్‌లకు (న్యాయ సహాయకులకు), క్విబెక్ నోటరీలకు, లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకే ఉంది. ఆ లైసెన్సులు ఇచ్చే నియంత్రణ సంస్థ (దానిని అక్కడ కాలేజీ అంటారు) రిజిస్టరు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు. మేము అడిగితే ఈ ఆఫీసు తమ తరఫున పనిచేసే కన్సల్టెంటు నంబరు ఇచ్చింది, రిజిస్టరులో సరిపోయింది, ప్రతినిధి నియామక పత్రం మీద ఆ వ్యక్తే సంతకం చేశారు. ఆస్ట్రేలియా ఫైలుకైతే అక్కడి మైగ్రేషన్ ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఇలాగే అడగాలి. ప్రొఫైలును మాత్రం ఆఫీసు ఈమెయిలుతో తెరిచి పాస్‌వర్డు తమ దగ్గరే ఉంచుకున్నారు. పట్టుబట్టి మా మెయిలుకు మార్పించుకున్నాము.

పీఆర్ తరువాతి సంగతి ఈ ఆఫీసులో ఎవరూ మాట్లాడరు. గోడ మీది బోర్డులో "పీఆర్, సిటిజన్‌షిప్" అని పక్కపక్కనే రాసి ఉంటుంది, రెండూ ఒకటే అన్నట్లుగా. పీఆర్ నిలవాలంటే ఏ అయిదేళ్లలోనైనా 730 రోజులు కెనడాలో ఉండాలి. పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే ముందటి అయిదేళ్లలో 1,095 రోజులు ఉండాలి. పీఆర్ ఉన్నంతకాలం మనం భారత పౌరులమే. ఆ దేశ పౌరసత్వం తీసుకున్న రోజున 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం మన పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు అప్పగించాలి. ఆ తరువాత తీసుకునే ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) రాకపోకలకు వీసా అక్కరలేదు కానీ ఓటు ఉండదు.

మాకు దీనిలో ముఖ్యమైనది భూమి. సాగర్ ఎడమ కాల్వ కింద మా నాయన పేరు మీద పొలం ఉంది, తమ్ముడి వాటాను వాడు స్థిరపడిన తరువాత గిఫ్ట్ డీడ్ చేద్దామని ఆయన ఆలోచన. విదేశంలో నివసించే వారు, భారత పౌరులైనా సరే, ఓసీఐ అయినా సరే, విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం వ్యవసాయ భూమిని కొనకూడదు, గిఫ్టుగా పుచ్చుకోకూడదు. వారసత్వంగా రావచ్చు, ఇక్కడ నివసిస్తున్నప్పుడు సంపాదించినది అట్టిపెట్టుకోవచ్చు, అమ్మితే మాత్రం ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. కౌన్సెలింగ్ ఆయనను అడిగితే "అమెరికా పోయినోళ్లంత కొంటనే ఉన్నరు కదన్నా" అన్నాడు. మేము ఒక వకీలును కలిసి, వారు విమానం ఎక్కక ముందే తమ్ముడి వాటాను రిజిస్ట్రేషన్ చేయించాము.

ఈ సంస్థకు అయిదులో మూడు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ మూడూ ఫైలు చూసిన అమ్మాయి పనికే. డిగ్రీ, అనుభవం, ఇంగ్లిష్ మార్కులు సరిపడా ఉండి, కాగితాలు చిక్కుగా ఉన్నవారు ఇక్కడికి వెళ్లవచ్చు. కాగితాలన్నీ ఒకే పేరుతో సాఫీగా ఉన్నవారు సొంతంగానే దరఖాస్తు చేసుకుని, మిగిలిన డబ్బును ఐఈఎల్‌టీఎస్ శిక్షణకు, ఒక మంచి వకీలు ఫీజుకు వాడుకోవడం మేలు.