తొడ పట్టీల మెత్తలు: ఒక ఫుల్ బాడీ హార్నెస్‌ను కొన్నేళ్లు వాడిన తరువాత

ఎత్తైన ఉక్కు కట్టడాల మీద రంగులు వేసే పనిలోనూ, మరమ్మతుల పనిలోనూ ఒకే ఫుల్ బాడీ హార్నెస్‌ను (ఎత్తు నుంచి పడితే ఆపేందుకు ఒంటికి బిగించుకునే పట్టీల సాధనాన్ని) కొన్నేళ్ల పాటు వాడిన తరువాత, దాని గురించి నేను చెప్పదలచుకున్నదంతా తొడ పట్టీల దగ్గరే ఉంది. వీపు మీద తాడు తగిలించే డి-రింగ్, భుజాల పట్టీలు, ఛాతీ బకిల్ తమ పని తాము చేశాయి. వాటిని ప్రత్యేకంగా మెచ్చుకోవలసిన అవసరం గాని తప్పు పట్టవలసిన సందర్భం గాని రాలేదు. తొడ పట్టీలకు తొడిగిన దళసరి మెత్తల మీద మాత్రం మొదట్లో నాకు ఎంత ఇష్టం ఉండేదో, తరువాత అంత కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు.

ఆ ఇష్టానికి కారణం లేకపోలేదు. రోజంతా నిచ్చెనలు ఎక్కి దిగేవారికి వట్టి పట్టీ తొడ లోపలి వైపు ఎలా ఒరుసుకుంటుందో తెలిసినదే. ఈ హార్నెస్‌తో ఆ బాధ లేదు. వంగినా, మోకాళ్ల మీద కూర్చున్నా పట్టీ ఉన్నట్టే అనిపించేది కాదు. ఎవరు సలహా అడిగినా నేను దీని పేరే చెప్పేవాణ్ణి.

ఆ అభిప్రాయం మారింది రక్షణ అభ్యాసం జరిగిన రోజున. పడిపోయి వేలాడుతున్న మనిషిని కిందికి ఎలా దించాలో నేర్పడానికి, మాలో ఒక్కొక్కరినీ నేలకు కాస్త ఎత్తున, వీపు డి-రింగ్‌కు తాడు తగిలించి వేలాడదీశారు. కాళ్లు నేలను వదిలిన మరుక్షణమే నా శరీరం ముందుకు వాలింది, బరువంతా తొడల మీదికి వచ్చింది. ఆ మెత్తలు పట్టీకి కుట్టినవి కావు, గొట్టంలా తొడిగినవి. బరువు పడగానే అవి తొడ బయటి వైపునకు జారిపోయాయి, వాటి స్థానంలో నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున్న వట్టి పట్టీ అంచు గజ్జల్లోకి దిగింది. కాసేపటికి ఎడమ కాలు తిమ్మిరెక్కింది, ఆ వెంటనే కడుపులో తిప్పడం మొదలైంది. శిక్షకుడు అది గమనించి, నడుము పక్కన చిన్న సంచిలో మడిచి ఉంచిన పాదపు ఉచ్చును తీసి అందులో కాలు పెట్టి నిలబడమన్నాడు. అలా నిలబడి పిక్కలను కదిలించిన తరువాతే కాలికి స్పర్శ తిరిగి వచ్చింది. నా పక్కన వేలాడుతున్న సహోద్యోగిది నా దానికంటే చవకైన హార్నెస్, దానికి మెత్తలే లేవు. అయినా పిరుదుల కింద అడ్డంగా వెళ్లే పట్టీ ఒకటి ఉండడం వల్ల, అతను ఇబ్బంది పడుతూనే అయినా మాట్లాడగలిగే స్థితిలో కూర్చున్నట్టు ఉన్నాడు.

అప్పుడు నాకు కలిగిన అసౌకర్యం చిన్నదే గాని, దాని వెనుక ఉన్న విషయం చిన్నది కాదు. కదలకుండా నిటారుగా వేలాడే మనిషికి కాళ్లలోని రక్తం గుండెకు సరిగా తిరిగి చేరదు. తల తిరగడం, వికారం, ఆపైన స్పృహ తప్పడం నిమిషాల్లోనే జరగవచ్చు. పైగా మా అభ్యాసంలో నన్ను నెమ్మదిగా వేలాడదీశారు. నిజంగా పడినప్పుడు, యూరప్ ప్రమాణాల ప్రకారం, లాన్యార్డ్‌లో (హార్నెస్‌ను గట్టి ఆధారానికి కలిపే తాడులో) కుదుపును పీల్చుకునే షాక్ అబ్జార్బర్ ఆ తాకిడిని 6 కిలోన్యూటన్లకు మించనివ్వకూడదు. ఆ పరిమితిలోపల ఉన్నా, ఒక్క క్షణం దాదాపు 600 కిలోల బరువు పడినట్టే లెక్క. అందులో పెద్ద వాటా వెళ్లేది ఈ పట్టీల మీదికే.

అమ్మినవారిని అడిగితే, ప్రమాణాల పరీక్షలో అది నెగ్గిందని జవాబు వచ్చింది. ఆ మాట నిజమే. ఫుల్ బాడీ హార్నెస్‌లకు యూరప్ ప్రమాణమైన ఈఎన్ 361 పరీక్షలో 100 కిలోల బొమ్మకు హార్నెస్ తొడిగి పడవేస్తారు. పట్టీలు తెగకుండా, బొమ్మ జారిపోకుండా, నిలువు గీత నుంచి 50 డిగ్రీలకు మించి వాలకుండా ఉంటే నెగ్గినట్టే. ఆ బొమ్మకు తిమ్మిరెక్కదు, వికారం పుట్టదు. మెత్తను ఎందుకు కుట్టలేదో కూడా వారు చెప్పారు: జరిపి చూస్తే గాని లోపలి పట్టీకి కోతలు పడ్డాయా, కుట్లు విడిపోయాయా అన్నది తెలియదట. అందులో న్యాయం ఉందని ఒప్పుకుంటాను, ఎందుకంటే కుట్టేసిన మెత్త పట్టీని కప్పేస్తుంది. కాని తనిఖీకి పనికివచ్చే ఏర్పాటు వేలాడే మనిషికి హాని చేయడం నాకు మింగుడు పడలేదు.

ఇప్పుడు ఎవరైనా హార్నెస్ ఎంచుకోవడం గురించి అడిగితే, ముందుగా పని ఏమిటని అడుగుతాను. నిలువు నిచ్చెనల మీద, వాటి వెంట బిగించిన పట్టాలకు తగిలించుకుని ఎక్కేవారికి ఛాతీ మీద రింగు కావాలి. స్తంభానికి ఆనుకుని రెండు చేతులతో పని చేసేవారికి నడుము బెల్టు, పక్క రింగులు కావాలి, అయితే ఆ పక్క రింగులు నిలదొక్కుకోవడానికే తప్ప పడేటప్పుడు ఆపడానికి కావు. వెల్డింగ్ చేసేవారు మామూలు పాలిస్టర్ పట్టీలకు బదులు వేడిని తట్టుకునే అరామిడ్ పట్టీలు చూసుకోవాలి. గంటల తరబడి తాళ్ల మీదే కూర్చుని పని చేసేవారికి నడుము ముందు రింగు ఉన్న, కూర్చోవడానికే రూపొందించిన హార్నెస్ తప్ప మరొకటి సరిపోదు. ఒక్క నడుము బెల్టుతో సరిపెట్టుకునేవారి గురించి చెప్పవలసింది తక్కువ; అమెరికాలో నిర్మాణ పనుల్లో పడిపోకుండా ఆపే సాధనంగా దాని వాడకాన్ని 1998 జనవరి 1 నుంచే నిషేధించారు. ఇవన్నీ కాగితం మీద తేల్చుకోవచ్చు. తొడ పట్టీలు తనకు సరిపోతాయా లేదా అన్నది మాత్రం తెలిసినవారి సమక్షంలో, నేలకు దగ్గరగా, కాసేపు వేలాడి చూస్తేనే తేలుతుంది. చాలా కంపెనీల సూచనల పుస్తకాల్లో ఈ మాట ఉంటుంది, అయినా కొనేటప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకునేవారే ఎక్కువ.

మెత్తల గురించి ఇంకొక ఫిర్యాదు ఉంది. అవి చెమటను పీల్చుకుని తొందరగా ఆరవు, రంగు చుక్కలు పడితే గట్టిపడి అట్టకట్టుకుపోతాయి. మొదటి ఏడాది నేను పొగిడిన మెత్తదనం ఆ తరువాత సగమే మిగిలింది. బకిళ్లు మాత్రం, దుమ్మును ఎప్పటికప్పుడు దులిపితే, ఇప్పటికీ కొత్తవాటిలాగే టక్కున పడుతున్నాయి.

నా తొడలు లావు, పనిముట్లతో కలిపి నా బరువు 100 కిలోలకు దగ్గరగా ఉంటుంది. సన్నగా ఉన్నవారికి ఈ మెత్తలు జారకపోవచ్చు, ఈ హార్నెస్ మీద నాకున్న కోపం వారికి అతిగా అనిపించవచ్చు. నేను మాత్రం ఎక్కే పనులన్నిటికీ పిరుదుల కింద పట్టీ ఉన్న వేరే హార్నెస్‌కు మారాను. దాని ఛాతీ పట్టీని సర్దుకోవడం విసుగు పుట్టిస్తుంది, నడిచేటప్పుడు పాతదంత హాయిగానూ ఉండదు. పాతదాన్ని పారవేయలేదు. అంచు దాకా చేరనివ్వని పొట్టి లాన్యార్డ్‌తో, చదునైన కప్పుల మీద చేసే పనులకు దాన్నే వేసుకుంటున్నాను. వేలాడే పరిస్థితే రాని ఆ చోట దానికంటే సుఖమైనది నాకింకా దొరకలేదు.