తీగ నగలకు ఏ కట్టర్ కొనాలి? ఆరేళ్లు వాడాక నా అనుభవం

రాగి తీగ, ముత్యాలతో నగలు చేయడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పూసలకీ రాళ్లకీ వేలకు వేలు ఖర్చు పెడతారు. కట్టర్ దగ్గరికొచ్చేసరికి ఇంట్లో ఉన్న కటింగ్ ప్లయర్‌తోనే సరిపెట్టుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆ పొరపాటు నాకు తెలిసింది మా పెద్దమ్మ వల్ల.

నేను మొట్టమొదట చేసిన జుమ్కీలు ఆవిడకే ఇచ్చాను. రెండో రోజే ఫోన్. "జుమ్కీలు బాగున్నాయే, కానీ పెట్టుకునేటప్పుడల్లా చెవిలో ఏదో గీరుకుంటోంది" అంది. తెప్పించి చూస్తే హుక్ కొస ఉలి అంచులా ఉంది. మామూలు కటింగ్ ప్లయర్ తీగను రెండు పక్కల నుంచీ నొక్కి తెంపుతుంది. అందుకే తెగిన చోట పెంకుటింటి కప్పులా రెండు వాలులు, వాటి మధ్య ఒక పదునైన గట్టు మిగులుతాయి. చెవి కుట్టులోంచి ప్రతిసారీ వెళ్లేది ఆ గట్టే. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

మన పనికి కావాల్సింది ఫ్లష్ కట్టర్. దీని బ్లేడ్లకు ఒక పక్క పూర్తిగా చదునుగా, రెండో పక్క వాలుగా ఉంటుంది. చదును పక్క ఉన్న తీగ కొస సమంగా తెగుతుంది. వాలు పక్క ఉన్న కొస మాత్రం మొనదేలే ఉంటుంది. అంటే ఎంత ఖరీదైనది కొన్నా ఒకే కోతలో రెండు కొసలూ నున్నగా రావు. చదును పక్క ఎప్పుడూ నగవైపు, వాలు పక్క పారేసే ముక్కవైపు ఉండాలి. చుట్టలో మిగిలిన తీగ కొస కిందటి కోత నుంచి మొనదేలే ఉంటుంది కాబట్టి, కొత్త ముక్క తీసే ముందు దాన్ని ఒక మిల్లీమీటరు కత్తిరించి పారేస్తాను.

నగ భాగాలను కలిపే చిన్న రింగులు, అంటే జంప్ రింగులు చేసేటప్పుడు ఇది బాగా అర్థమవుతుంది. 5 మి.మీ. కడ్డీకి తీగ చుట్టి స్ప్రింగులా బయటికి తీస్తాం. మొదట కొసను చదునుగా కత్తిరించాలి. ఒక చుట్టు తిరిగి వచ్చాక సరిగ్గా ఆ కొసకు ఎదురుగా కట్టర్ పెట్టి, చదును పక్క రింగువైపు ఉండేలా ఇంకో కోత కోయాలి. ఇప్పుడు చుట్టమీద మిగిలిన కొస మొనదేలింది. కట్టర్‌ను చేతిలో తిప్పి పట్టుకుని ఆ మొన తీసేసి, మళ్లీ తిప్పి తర్వాతి రింగు. ఇలా చేసిన రింగు మూస్తే అతుకు దగ్గర గోరు పెట్టి రాసినా తగలదు. తిప్పకుండా వరసగా కోసుకుంటూ పోతే ప్రతి రింగులోనూ సందు మిగులుతుంది, దండలు గుచ్చే గేర్ వైర్ అందులోంచి జారిపోతుంది.

ముత్యాల పని చేసేవాళ్లకి ఇంకో సంగతి. ముత్యం బెజ్జం సన్నం. నొక్కుకుపోయి తెగిన తీగ కొస అసలు తీగకన్నా వెడల్పవుతుంది, లోపలికి దూరదు. బలవంతంగా తోస్తే బెజ్జం అంచున ముత్యం పెచ్చు లేస్తుంది.

నా మొదటి ఫ్లష్ కట్టర్, నిప్పర్ అనే చిన్న రకం, కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులో 120 రూపాయలకు కొన్నాను. ఎనిమిది నెలలు 24, 26 గేజ్ సన్న రాగి తీగలకు చక్కగా పనిచేసింది. తర్వాత మొనలు కలవడం మానేశాయి. సన్న తీగ తెగకుండా రెండు బ్లేడ్ల మధ్య మడతపడి ఇరుక్కునేది. ఆ ధరకు అది తప్పనను, నేర్చుకోవడానికి చాలు.

ఆ తర్వాత దానికి పది రెట్లకు పైగా డబ్బు పెట్టి జూరాన్ 170-2 అనే ఫ్లష్ కట్టర్ తెప్పించుకున్నాను. అమెరికాలో తయారయ్యేది. దీని బ్లేడ్లు ఎదురెదురుగా గుద్దుకోవు, కత్తెరలా ఒకదాని పక్కనుంచి ఇంకొకటి జారుతాయి. అందుకే వేళ్లకు శ్రమ తక్కువ. నిప్పర్‌తో వంద రింగులు కోస్తే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలయ్యేది. దీంతో రెండు వందలు కోసినా ఆ ఇబ్బంది లేదు. అయిదేళ్లయినా స్ప్రింగ్ బిగువు తగ్గలేదు. నాకు నచ్చనిది ఒక్కటే, సన్నటి మొనలు కింద పడితే తట్టుకోవు.

అయితే ఒక నష్టం నా చేతులారా జరిగింది. మెత్తని తీగలో 18 గేజ్, అంటే దాదాపు 1 మి.మీ. దాకా కోయవచ్చని దీనికి రాసి ఉంటుంది. మోటారు వైండింగ్ షాపులో "18 గేజే అమ్మా" అని ఇచ్చిన రాగి తీగ కోశాను. బ్లేడు మధ్యలో నొక్కు పడింది. తర్వాత తెలిసింది, కట్టర్ మీద రాసేది అమెరికన్ గేజ్, అందులో 18 అంటే 1.02 మి.మీ. మన దగ్గర వైండింగ్ తీగకు వాడేది బ్రిటిష్ వాళ్ల ఎస్‌డబ్ల్యూజీ, అందులో 18 అంటే 1.22 మి.మీ. అంకె ఒకటే, తీగ వేరు. అప్పటినుంచి గేజ్ అడగడం మానేసి వెర్నియర్‌తో మిల్లీమీటర్లలో కొలిచి కొంటున్నాను. ఆ నొక్కు దగ్గర కోస్తే ఇప్పటికీ కొసమీద చిన్న గీత పడుతుంది, అందుకని మొనలతోనే కోస్తాను.

గాజుల్లా చుట్టి ఉండి, సాగదీసినా మళ్లీ చుట్టుకునే మెమరీ వైర్ జోలికి మాత్రం ఏ ఫ్లష్ కట్టర్‌నీ పోనివ్వకండి. చూడటానికి సన్నగా ఉన్నా అది గట్టిపరిచిన స్టీలు, ఒక్క కోతకే అంచు పోతుంది. దానికి నాన్న వాడిన పాత తాపరియా ప్లయర్ ఉంచుకున్నాను. గేర్ వైర్ లోపల కూడా స్టీలు పోగులే కాబట్టి, దానికి ఇంకో 120 రూపాయల నిప్పర్ కొని పిడికి ఎర్ర దారం చుట్టాను, తొందరలో చేయి మారిపోకుండా.

షాపులో కొంటుంటే కట్టర్‌ను మూసి వెలుతురుకెదురుగా పట్టి చూడండి. మొనల దగ్గర వెలుగు కనబడితే పక్కన పెట్టేయండి. మీ తీగ ముక్క వెంట తీసుకెళ్లి కోసి, కొసను గోటిమీద రాసి చూడండి. కోసేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టుకోండి, ముక్కలు కంటికి ఎగురుతాయి. వానాకాలంలో కీలు దగ్గర ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే తుప్పు పట్టదు.

ఎంత మంచి కట్టరైనా చెవి హుక్ కొసకు మాత్రం ఆకురాయి పట్టాల్సిందే. పెద్దమ్మ జుమ్కీలకు హుక్కులు మార్చి, సన్నటి ఆకురాయితో కొస గుండ్రంగా చేసి ఇచ్చాను. గేర్ వైర్‌తో దండలు మాత్రమే గుచ్చేవాళ్లకు జూరాన్ అక్కర్లేదు, చవక నిప్పర్ చాలు. హుక్కులూ రింగులూ సొంతంగా చేసేవాళ్లయితే ఈ నెల పూసలు తగ్గించుకుని అయినా మంచి ఫ్లష్ కట్టర్ కొనుక్కోండి.