ఓర్ఛాలో రెండు రాత్రులు: గుడి వేళలు, కోట మెట్లు, బేత్వా ఒడ్డు

ఝాన్సీ నుంచి ఖజురహో వెళ్లే టాక్సీలు దారిలో మధ్యప్రదేశ్‌లోని ఓర్ఛాను మూడు గంటల్లో చూపించేస్తాయి. కోట దగ్గర గంట, బేత్వా నది ఒడ్డున కాసేపు, భోజనం, ఇక బయల్దేరడమే. ఇలా వెళ్లినవాళ్లలో చాలామంది రామ్ రాజా గుడికి చేరేది సరిగ్గా తలుపులు మూసి ఉన్న వేళకే. ఓర్ఛా చిన్న ఊరే. కానీ ఇక్కడ రోజు గుడి వేళల చుట్టూ తిరుగుతుంది. అందుకే రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి.

ఈ గుడిలో రాముడు దేవుడే కాదు, ఊరికి రాజు కూడా. సాయుధ పోలీసులు రోజూ ఆయనకు వందనం చేస్తారు. భద్రాద్రి రాముడికి అలవాటుపడ్డ మన కళ్లకు గుడి గోపురం లేకుండా రాజభవనంలా ఉండటం వింతగా తోస్తుంది. అది నిజంగా రాణీవాసమే. రాణి గణేశ్ కువరి అయోధ్య నుంచి విగ్రహం తెచ్చి, గుడి పూర్తయ్యేదాకా తన మహల్లో ఉంచిందనీ, తర్వాత అది అక్కడి నుంచి కదలలేదనీ స్థలపురాణం. ఆ విగ్రహం కోసం కట్టిన చతుర్భుజ ఆలయం పక్కనే, ఎత్తైన అరుగు మీద నిలబడి ఉంది. దర్శనం రెండు పూటలే. చలికాలంలో ఉదయం సుమారు 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు, మళ్లీ రాత్రి 7 నుంచి 10:30 వరకు. వేసవిలో ఉదయం గంట ముందు తెరుస్తారు, సాయంత్రం గంట ఆలస్యంగా తెరుస్తారు. వేళలు మారుతుంటాయి కాబట్టి ఊళ్లోకి రాగానే ఒకసారి అడిగి తెలుసుకోండి. తోలు బెల్టు, పర్సు గదిలోనే వదిలేసి వెళ్తే మంచిది. లోపల ఫొటోలు తీయనివ్వరు. రెండు పూటల్లో రాత్రి హారతికే వెళ్లమని చెబుతాం. ఊరంతా అక్కడే ఉంటుంది. శ్రీరామనవమికి, వివాహ పంచమికి మాత్రం గదులు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోవాలి.

ఇక కోట. టికెట్ కోటకు వెళ్లే వంతెన దగ్గరే కొనాలి. అదే టికెట్ లక్ష్మీ ఆలయంలోనూ, నది ఒడ్డు ఛత్రీల (రాజుల స్మారక మండపాల) దగ్గరా అడుగుతారు, పారేయకండి. రాజ్ మహల్లో పై గదుల గోడల మీది చిత్రాలను తీరిగ్గా చూడండి, దశావతారాలు, రామకథ కనిపిస్తాయి. బుందేలా రాజు వీర్ సింగ్ దేవ్ కట్టించిన జహంగీర్ మహల్ మాత్రం ఎక్కి చూడాల్సిన కట్టడం. మెట్లు నిటారుగా, ఇరుగ్గా, చీకటిగా ఉంటాయి. చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు, గుమ్మాలు తలకు తగిలేంత తక్కువ ఎత్తులో ఉంటాయి. ఫోన్ టార్చ్, జారని చెప్పులు కావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కింది ప్రాంగణమే చాలు, అక్కడి నుంచీ జాలీల (చిల్లుల రాతి తెరల) అందం తెలుస్తుంది. ఉదయం తెరవగానే వెళ్తే బస్సుల జనం రాకముందే పైఅంతస్తు చూసి దిగిపోవచ్చు.

ఎక్కువమంది వదిలేసేది లక్ష్మీ ఆలయాన్ని. ఊరికి సుమారు కిలోమీటరు దూరంలో చిన్న గుట్ట మీద ఉంటుంది, నడకే హాయి. లోపలి చిత్రాల్లో పురాణకథల పక్కనే 1857 నాటి పోరు దృశ్యాలూ ఉన్నాయి. ఇది చూడకుండా వెళ్లిపోతే ఓర్ఛాలో బాగున్న సగం పోయినట్టే. ఫూల్‌బాగ్ తోటలో హర్‌దౌల్ స్థానం దగ్గర కాసేపు ఆగండి. అన్న అనుమానానికి విషం తాగి చనిపోయిన ఆ రాకుమారుడికి బుందేల్‌ఖండ్ ఇళ్లలో నేటికీ తొలి పెళ్లిపత్రిక ఇస్తారు. పెళ్లిళ్ల కాలంలో అక్కడ కార్డులు పెట్టే కుటుంబాలు కనిపిస్తాయి.

ఛత్రీలంటే బుందేలా రాజుల స్మారక మండపాలు. కంచన్ ఘాట్ పక్కన మొత్తం 14 ఉన్నాయి. వాటి శిఖరాల్లో రాబందులు గూళ్లు కట్టుకుంటాయి, చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి. సాయంత్రం నది మీది వంతెన దాటి అవతలి ఒడ్డు నుంచి చూస్తే మండపాల వరుస మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. వంతెన ఇరుకు, పిట్టగోడ లేదు, వాహనాలూ దాని మీదే వెళ్తాయి. పిల్లల చేయి వదలకండి. నీళ్లు ప్రశాంతంగా కనిపించినా రాళ్ల మధ్య లోతు, లాగుడు ఎక్కువ. ఎగువన మాటాటీలా డ్యామ్ ఉంది, అక్కడ నీళ్లు వదిలితే ఇక్కడ మట్టం పెరుగుతుంది. ఘాట్ మెట్ల దగ్గరే మునగండి, ఈత వద్దు. వానాకాలంలో నది వంతెన మీదుగా పారితే అవతలికి దారి మూస్తారు, అటువైపున్న అభయారణ్యానికి వెళ్లడం కుదరదు. రాఫ్టింగ్‌కు టికెట్లు ఎంపీ టూరిజం బేత్వా రిట్రీట్‌లో ఇస్తారు. నీళ్లు చాలినన్ని ఉంటేనే నడుపుతారు.

బస విషయానికొస్తే, కోట లోపలే ఉన్న ఎంపీ టూరిజం శీష్ మహల్‌లో గదులు కొన్నే, మెట్లెక్కక తప్పదు. కానీ పర్యాటకులు వెళ్లిపోయాక కోటలో ఉండటం వేరే అనుభవం, ఒక రాత్రికైనా దీన్నే ఎంచుకోమంటాం. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే నది వైపున్న బేత్వా రిట్రీట్ మెరుగు, ఛత్రీలకు నడిచిపోవచ్చు. గుడి దగ్గరి చిన్న లాడ్జీలు చవక. అయితే గది చూసి, గీజర్ వేయించి, వేడినీళ్లు వస్తున్నాయో లేదో చూశాకే డబ్బు కట్టండి. జనవరి చలిలో అది చిన్న విషయం కాదు. మైకు మోతకు నిద్ర పట్టనివాళ్లు గుడి వీధికి దూరంగా దిగాలి.

తిండి ఎక్కువగా శాకాహారమే. పొద్దున పోహా, జిలేబీ, కచోరీ. మధ్యాహ్నం రొట్టె, పప్పు, కూర. అన్నం కావాలంటే ముందే చెప్పాలి, చాలా హోటళ్లలో అడిగాకే వండుతారు. పచ్చడి లేనిదే ముద్ద దిగనివాళ్లు సీసా వెంట తెచ్చుకోవడమే మేలు.

దిగాల్సిన స్టేషన్ ఝాన్సీ. ఇప్పుడు దాని పేరు వీరాంగనా లక్ష్మీబాయి ఝాన్సీ, టికెట్ బుక్ చేసేటప్పుడు ఆ పేరే కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నేరుగా వస్తుంది, కానీ చేరేది అర్ధరాత్రి దాటాక. ఆ వేళలో ఆటో బేరాలకు దిగకుండా ఝాన్సీలోనే గది తీసుకుని తెల్లవారాక బయల్దేరండి. లేదంటే హోటల్‌వాళ్లతో ముందే కారు మాట్లాడుకోండి. ఓర్ఛా సుమారు 16 కిలోమీటర్లు. పగలు ఝాన్సీ బస్టాండ్ నుంచి షేర్ ఆటోలు దొరుకుతాయి, సామాను ఎక్కువుంటే ఆటో మొత్తం మాట్లాడుకోవడం నయం. ఎక్కే ముందే రేటు, దింపే చోటు రెండూ తేల్చుకోవాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. డిసెంబరు, జనవరిలో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో విమానం పట్టుకోవాల్సి ఉంటే ఒక రోజు ముందే ఝాన్సీలో రైలెక్కేయండి. మే, జూన్‌లో మాత్రం రాకండి, పగలు కోట రాళ్ల మీద కాలు పెట్టలేం.