ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్: ల్యాప్‌టాప్‌కి నిజంగా ఎంత కరెంటు కాలుతుందో చూసుకోవచ్చు

ఇంటి నుంచి పని చేసేవాళ్లు, పిల్లల్ని హాస్టల్లో పెట్టినవాళ్లు, ఒకే మీటర్ మీద రెండు మూడు వాటాలు ఉన్నవాళ్లు ఈ చిన్న సామాను ఒకటి కొనుక్కోండి. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాన్ని గోడ ప్లగ్‌లో పెట్టి, దానిలో ల్యాప్‌టాప్ చార్జర్ గుచ్చితే వోల్టేజీ, వాట్లు, ఎన్ని యూనిట్లు తిరిగాయి అన్నీ స్క్రీన్ మీద కనిపిస్తాయి. విజయవాడ గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే ముందు గోడకి బిగించే సబ్ మీటర్ తెచ్చి చూపిస్తారు, అది కాదు అండీ, ప్లగ్‌లో పెట్టేది అని గట్టిగా చెప్పాలి.

నేను కొనడానికి కారణం హాస్టల్. మా అక్క కొడుకు గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడుండే హాస్టల్లో ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి పిల్లాడి దగ్గరా నెలకి 300 రూపాయలు కరెంటుకని అదనంగా తీసుకుంటున్నారు. ఎందుకింత అంటే చార్జర్ మీద 65 వాట్లు అని రాసి ఉంది కదా అంటారు. అసలు గొడవంతా ఆ 65 దగ్గరే ఉంది. అది చార్జర్ ఇవ్వగలిగే గరిష్ఠం, ల్యాప్‌టాప్ అన్ని వేళలా తీసుకునేది కాదు.

మా ఇంట్లో ఉన్నది మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, చార్జర్ 65 వాట్లదే. బ్యాటరీ నిండాక, బ్రైట్‌నెస్ సగంలో పెట్టి మెయిల్స్, ఎక్సెల్ చూసుకుంటుంటే మీటర్‌లో 15 నుంచి 18 వాట్లు. వీడియో కాల్ మొదలవగానే 30 దాకా వెళ్లింది. బ్యాటరీ బాగా దిగిపోయాక చార్జింగ్ పెట్టి పని చేస్తుంటే మాత్రం 58 చూపించింది, కానీ అది గంటసేపే, బ్యాటరీ నిండేకొద్దీ తగ్గిపోతూ వచ్చింది. యూనిట్ అంటే 1000 వాట్లు గంటసేపు కాలడం. ఇవన్నీ కలిపి రోజుకి తొమ్మిది గంటల పనికి 0.21 యూనిట్ లెక్కన తేలింది, అంటే నెలలో 26 రోజుల పనికి ఐదున్నర యూనిట్లు.

ఇప్పుడు డబ్బుల్లోకి వద్దాం. మన ఏపీలో ఇళ్లకి స్లాబుల లెక్క కదా, 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆ పైన 9.75. మా ఇల్లు ఎండాకాలంలో 400 దాటిపోతుంది కాబట్టి ల్యాప్‌టాప్ యూనిట్లన్నీ ఆ చివరి రేటులోనే వేశాను, అలా వేసినా నెలకి 54 రూపాయలు. 65 వాట్లు పట్టుకుని లెక్కేస్తే అదే 148 అవుతుంది, దాదాపు మూడింతలు! బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే ఉంటాయనుకోండి, అవి ఈ లెక్కలో కలపలేదు.

అదే గదిలో తిరిగే పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో 70 వాట్లు దాటుతుంది. మెయిల్స్ చూసుకునేటప్పుడు ల్యాప్‌టాప్ తీసుకునేదానికి నాలుగు రెట్లు. బిల్లు పెరిగిందని ఇంట్లో ముందు పని చేసుకునేవాళ్ల ల్యాప్‌టాప్ మీద పడతారు, నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది, ముఖ్యంగా ఉద్యోగం చేసే కోడళ్లని అంటున్నప్పుడు.

ఇక హాస్టల్ లెక్క. పిల్లాడు రోజుకి ఆరు గంటలు వాడతాడు, 20 వాట్లు అనుకుందాం, నెలకి 3.6 యూనిట్లు. యూనిట్ పది రూపాయలకి వేసినా 36 రూపాయలు. 300 రూపాయలంటే 30 యూనిట్లు, అంటే రోజుకి ఒక యూనిట్. అంత కాలాలంటే ఆ ల్యాప్‌టాప్ రోజుకి 50 గంటలు నడవాలి! గేమింగ్ ల్యాప్‌టాప్ సంగతి వేరు, వాటి చార్జర్లే 180, 230 వాట్లు ఉంటాయి, ఆట మొదలైతే నిజంగానే 150 దాటి లాగుతాయి. వాటికి వేరుగా తీసుకోండి, ఒప్పుకుంటాను, కానీ కోడింగ్ నేర్చుకునే పిల్లాడి దగ్గర అదే రేటు ఏమిటి?

మీటర్‌ని నమ్మొచ్చా అని నాకూ అనుమానం వచ్చింది. ఇంట్లో అన్నీ ఆపేసి 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే దీనికి తగిలించాను. వోల్టేజీ 218 ఉంది, వాట్లు 900కి అటూ ఇటూ. గోడ మీద మా కరెంటు మీటర్‌లో ఎర్ర లైటు కొడుతూ ఉంటుంది చూడండి, దాని పక్కనే 3200 ఇంపల్స్ అని ఉంది, అంటే 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతున్నంతసేపూ నిమిషానికి 48 సార్లు కొట్టింది, లెక్కేస్తే సరిగ్గా 900 వాట్లు. దాంతో నమ్మకం కుదిరింది.

ఒక్క విషయం జాగ్రత్త. స్క్రీన్ మీద ఆంపియర్లు కూడా వస్తాయి, వోల్టులతో గుణించి ఇదే కరెంటు అనుకోవద్దు. నాకు 18 వాట్ల దగ్గర 0.15 ఆంపియర్లు చూపించింది, 230తో గుణిస్తే 34 వస్తుంది. చిన్న చార్జర్లకి పవర్ ఫ్యాక్టర్, అంటే వోల్టులు ఆంపియర్లు గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా వాట్లుగా ఖర్చయ్యే వంతు, తక్కువ ఉంటుంది, అందుకే ఆ తేడా. ఇళ్లకి బిల్లు వేసేది వాట్ల లెక్కలోని యూనిట్లకే, కాబట్టి వాట్లు మాత్రమే చూడండి. తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటర్ పట్టుకొచ్చి రెట్టింపు చెప్పేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

లోపాలు కూడా చెప్పాలి. స్క్రీన్‌లో లైటు లేదు, బల్ల కింద ప్లగ్ అయితే ఫోన్ టార్చి వేసి చదవాలి. ఒంటరిగా గుచ్చి ఉంచిన చార్జర్, స్లీప్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లాంటి ఒకటీ అర వాట్లు దీనికి సరిగా అందవు, సున్నా చూపిస్తుంది. యూనిట్ ధర ఒక్కటే పెట్టుకోవచ్చు, స్లాబులు ఎక్కవు, డబ్బుల లెక్క మనమే చేసుకోవాలి. ఒళ్లు లావు, పక్కనున్న సాకెట్‌ని మూసేస్తుంది. కరెంటు పోయినా రీడింగ్ పోకపోవడం మాత్రం నాకు బాగా నచ్చింది, లోపల గుండీ బ్యాటరీ ఉంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. కొనేటప్పుడు పిన్నులు చూసుకోండి, చాలావరకు 16 ఆంపియర్ల లావు పిన్నులతో వస్తున్నాయి, మామూలు ప్లగ్‌లో పట్టవు. షాపులోనే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి పెట్టించండి, ఎనిమిదో తొమ్మిదో చూపిస్తే తీసుకోండి, పదిహేను అంటే ఇంకో పీసు అడగండి.