ఒక్క షాపా, నాలుగు ఊళ్లా?

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒకే షాపుకి మేనేజరుగా ఉండటమా, గుంటూరు, తెనాలి, మంగళగిరి, ఏలూరు కలిపి ఏరియా మేనేజరుగా తిరగడమా? నేను రెండూ చేశాను.

షాపులో తప్పు కళ్లముందే జరుగుతుంది. క్యాష్‌లో తేడా వస్తే ఆ రాత్రే లెక్క తేల్చేయొచ్చు. జీతం తక్కువ, దసరాకి సెలవుండదు. అయినా కనీసం ఒక దసరా సీజన్ కౌంటర్ దగ్గర నిలబడనివాళ్లకి ఏరియా ఇవ్వకూడదంటాను.

ఏరియా పని వేరు. బెజవాడ నుంచి గుంటూరు సుమారు 35 కిలోమీటర్లే, కానీ వారధి మీద ట్రాఫిక్ ఆగిందా, పొద్దుటి మీటింగ్ గోవిందా! మనం లేనప్పుడు షాపు ఎలా నడుస్తోందన్నదే అసలు సంగతి. అందుకే చెప్పి వెళ్లేవాణ్ణి కాదు. ముందు స్టాకు గది, తర్వాతే అమ్మకాల రిపోర్టు. ఒకసారి తెనాలిలో రిపోర్టు అద్దంలా ఉంది. గదిలో చూస్తే గడువు తీరిన సరుకు, పెట్టెలకు పెట్టెలు. మేనేజరుని తిట్టి ఏం లాభం? మేం ఆర్డర్ పెట్టే పద్ధతే తప్పు. దాన్ని మార్చడానికి రెండు నెలలు పట్టింది.

జీతం ఎక్కువే, నిజమే. పెట్రోలు ఖర్చు మాత్రం చేరేముందే కాగితం మీద రాయించుకోండి.