లక్షా నలభై వేల కిలోమీటర్ల తర్వాత నా పాత థార్

2016 మార్చిలో మా ఇంటికి వచ్చిన మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్ ఇంజన్ ఉన్న జీపు) ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మీటరు 1,42,000 దాటింది. నేను నర్సీపట్నంలో ఉంటాను. చింతపల్లి, జీకే వీధి (గూడెం కొత్తవీధి) వైపు కొండ ఊళ్లు తిరిగి మిరియాలు, పసుపు, రాజ్‌మా కొంటాను. సరుకును తర్వాత పికప్‌లో దింపుకుంటాం. ముందు ఊళ్లోకి వెళ్లి గింజ చూసి, తూకం వేసి, రేటు మాట్లాడేది మాత్రం నేనే. అంటే ఈ బండి పనికోసం కొన్నది. వర్షాకాలంలో కూడా ఆగకుండా తిరిగింది. అందుకే కొత్తలో నాలుగు రోజులు నడిపి రాసేవాటికన్నా నేను చెప్పేది కొంత వేరుగా ఉండొచ్చు.

మా ప్రాంతంలో జీపు అనేది ఒక కంపెనీ పేరని చాలా ఏళ్ల వరకు నాకు తెలియదు. తహసీల్దారు వస్తే జీపు, ఫారెస్టోళ్లు వస్తే జీపు, ఎన్నికలప్పుడు మైకు కట్టుకొని తిరిగేదీ జీపే. నా చిన్నతనంలో, 1990లలో, చింతపల్లి వెళ్లాలంటే కమాండర్ జీపు ఎక్కేవాళ్లం. లోపల పది మంది పట్టే చోట ఇరవై మంది ఉండేవారు. వెనక కమ్మీ పట్టుకొని ఇంకొందరు వేలాడేవారు. డ్రైవరు సగం బయటికి వంగి కూర్చొని గేరు మార్చేవాడు. అలా ఎక్కించడం ప్రాణాలతో చెలగాటమే, ఒప్పుకుంటాను. కానీ బస్సు లేని ఊళ్లకు ఉప్పు, కిరసనాయిలు, పెళ్లిబట్టలు, జ్వరంతో ఉన్న పిల్లలు, అన్నీ ఆ బండిలోనే వెళ్లాయి, వచ్చాయి. థార్ కొనడానికి షోరూంకి వెళ్లినప్పుడు నాకు కళ్ల ముందు కనిపించింది ఆ కమాండరే.

ఆ రెండింటికీ చుట్టరికం ఉంది. కొన్నాక తీరిక ఉన్నప్పుడల్లా ఈ బండి ఎక్కణ్ణుంచి వచ్చిందో చదువుతూ వచ్చాను. నాకు బాగా నచ్చిన చరిత్ర ఇది.

1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలను అడిగింది. తేలికైన బండి కావాలి, నాలుగు చక్రాలూ లాగాలి, మొదటి నమూనా 49 రోజుల్లో ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్లో ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించుకుంది. ఆయన గీసిన బొమ్మలతో బండి కట్టి సెప్టెంబరు 23న అప్పగించింది. బండి నచ్చింది కానీ, వేల లెక్కలో తయారుచేసే స్తోమత బాంటమ్‌కు లేదని సైన్యం అనుకుంది. ఆ డ్రాయింగులు విల్లీస్, ఫోర్డు అనే పెద్ద కార్ల కంపెనీలకు చేరాయి. విల్లీస్ దగ్గర బార్నీ రూస్ తీర్చిదిద్దిన 60 హార్స్‌పవర్ ఇంజన్ ఉంది. పోటీలో అదే గెలిచింది. ఆ తర్వాత ఫోర్డు కూడా విల్లీస్ నమూనానే తయారుచేసింది. యుద్ధం ముగిసేసరికి రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు కట్టాయి. ఒక కంపెనీ బండిలోని సామాను రెండో కంపెనీ బండికి సరిపోవాలి. యుద్ధభూమిలో రెండు పాడైన బండ్ల నుంచి ఒక నడిచే బండిని తయారు చేసుకోవాలంటే అదొక్కటే దారి. పొందికగా కనిపించడం కోసం కాక విప్పి బిగించుకోవడం కోసం పుట్టిన బండి అని నాకు అర్థమైంది అక్కడే.

ఇండియా కథ 1945లో లూధియానాలో మొదలవుతుంది. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములు మాలిక్ గులాం మొహమ్మద్‌తో కలిసి ఉక్కు వ్యాపారం పెట్టారు. పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. దేశ విభజన తర్వాత గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. కె.సి. మహీంద్రా అమెరికాలో బార్నీ రూస్‌ను కలిసినవారే. 1940ల చివర్లో బొంబాయిలోని మజగావ్‌లో విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. రోడ్లు లేని దేశానికి రోడ్డు అక్కర్లేని బండి కావాలని వాళ్లు చేసిన అంచనా తప్పలేదు.

మన పెద్దవాళ్లు చూసిన ఎత్తు బానెట్ జీపు విల్లీస్ సీజే3బి. 1953లో వచ్చింది. కొత్త ఇంజన్ నిలువు ఎక్కువై పాత బానెట్ కింద పట్టలేదు, అందుకే బానెట్ ఎత్తు పెంచారు. ఆ రూపాన్ని అమెరికా ఎప్పుడో వదిలేసింది, మహీంద్రా మాత్రం దశాబ్దాలపాటు కొనసాగించింది. మధ్యలో ట్రాక్టరు డీజిల్ ఇంజన్లు వచ్చాయి, 1980లలో ఎంఎం 540లో ప్యుజో డీజిల్ వచ్చింది, మేజర్, కమాండర్, క్లాసిక్ వచ్చాయి. 2010లో థార్. పేర్లు మారాయి, ఇంజన్లు మారాయి. కింద ఉన్న నిచ్చెనలాంటి చాసిస్, వెనక కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు), బానెట్‌కి రెండు పక్కలా బయటికి కనిపించే కొక్కీలు నా బండి దాకా వచ్చాయి.

దీనివల్ల నాకు ఒరిగిందేమిటో చెప్తాను. 2019 ఆగస్టులో జీకే వీధి దాటాక గెడ్డలో, అంటే కొండవాగులో, ఒక రాయి తగిలి వెనక కమాన్ కట్టలో పైపట్టీ విరిగింది. దగ్గరలో పేరున్న సర్వీస్ సెంటర్ ఏదీ లేదు. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉన్న పెద్దాయన బండి కింద పడుకొని చూసి, తన దగ్గర పాత కమాండర్ పట్టీలు ఉన్నాయని, ఇంటికి చేరేదాకా సర్దుతానని అన్నాడు. కొలిచాడు, కాస్త కోశాడు, బిగించాడు. రెండు గంటలు పట్టింది. ఆ పట్టీతో జాగ్రత్తగా ఇంటికి చేరాను, తర్వాత కొత్త కట్ట వేయించాను. ఆయన ఎప్పుడూ థార్ విప్పలేదు. కానీ ముప్పై ఏళ్లుగా దాని తాతల్ని విప్పి బిగిస్తున్నాడు. నర్సీపట్నం నుంచి సీలేరు దాకా అలాంటి షెడ్లు ఇంకా ఉన్నాయి. నేను ఈ బండికి ఇచ్చే మార్కుల్లో సగం ఆ షెడ్లలో ఉన్న చేతులకే.

ఇంజన్ సంగతి వేరు. 2498 సీసీ, 105 హార్స్‌పవర్, కామన్ రైల్ డీజిల్. అందులో సెన్సర్లు, ఎలక్ట్రానిక్ ఇంజెక్టర్లు ఉన్నాయి. పాన పట్టుకున్న ప్రతివాడూ దాన్ని ముట్టుకోలేడు, ముట్టుకోనివ్వకూడదు కూడా. నేను పాటించే పద్ధతి ఒక్కటే. డీజిల్ ఎప్పుడూ బాగా అమ్ముడయ్యే బంకులోనే కొట్టిస్తాను, వర్షాకాలంలో ఫిల్టరు అడుగున చేరే నీటిని నెలకోసారి వదిలేస్తాను. ఈ తొమ్మిదేళ్లలో ఇంజన్ తల విప్పలేదు. క్లచ్ ప్లేటు ఒకసారి, 88,000 దగ్గర మార్చాను. ఘాట్‌లో సగం క్లచ్ మీద బండి ఆపే అలవాటు అప్పట్లో నాకుండేది. ఇంజన్‌లో నాకు నచ్చేది వేగం కాదు, తక్కువ ఆర్పీఎంలో ఉండే లాగుడు. లంబసింగి ఘాట్‌లో మూడో గేరులో బరువుతో ఎక్కుతుంటే మధ్యలో గేరు దించాల్సిన అవసరం చాలా తక్కువ. మైలేజీ కింద రోడ్ల మీద 11, 12 మధ్య, కొండల్లో 8, 9.

పెద్ద గేరు లీవరు పక్కన చిన్న లీవరు ఇంకోటి ఉంటుంది. మామూలు రోడ్డులో వెనక చక్రాలే లాగుతాయి. జారే మట్టి వస్తే ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలూ లాగుతాయి. మరీ కష్టమైతే ఆగి, న్యూట్రల్ చేసి 'ఫోర్ లో' (నాలుగు చక్రాలకూ తక్కువ వేగపు గేరు). ఫోర్ లో వేస్తే చక్రాల దగ్గర లాగే బలం దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, వేగం ఆ మేరకు పడిపోతుంది. చాలామంది దీన్ని ఎక్కడానికే వాడతారు. దిగడానికి ఇంకా గొప్పది. తడిసిన ఎర్రమట్టి దిగుడులో ఫోర్ లో, ఫస్ట్ గేరు వేసి కాలు బ్రేకు మీంచి పూర్తిగా తీసేస్తే, మనిషి నడిచే వేగంతో బండి తనంతట తాను దిగుతుంది. మొదటిసారి కాలు తీయాలంటే చాలా టెన్షన్ పడ్డాను. మా బండికి ఏబీఎస్ (బ్రేకు తొక్కినా చక్రం బిగిసిపోకుండా చూసే ఏర్పాటు) లేదు. అలాంటి చోట బ్రేకు తొక్కితే చక్రం బిగిసి బండి పక్కకు జారుతుంది.

ఈ లీవరు విలువ నాకు పూర్తిగా తెలిసింది 2020 జులైలో. ఒక కొండ ఊరి నుంచి నెలలు నిండిన అమ్మాయిని డోలీలో మోసుకొస్తున్నారు. అంబులెన్స్ తారురోడ్డు దగ్గర ఆగింది, మధ్యలో మూడు కిలోమీటర్లు బురద. నేను తూకం ముగించి దిగుతున్నాను. థార్‌లో వెనక సీట్లు ఎదురెదురుగా, గోడల వెంట బల్లల్లా ఉంటాయి. దూరప్రయాణానికి అంతకంటే అసౌకర్యమైన సీట్లు ఉండవని నేను అప్పటికి ఎన్నోసార్లు అన్నాను. ఆ రోజు ఆ రెండు బల్లల మధ్య నేలమీద పసుపు బస్తాల గోనెలు, దుప్పట్లు పరిచి ఆమెను పడుకోబెట్టాం. అటొకరు ఇటొకరు కూర్చొని పట్టుకున్నారు. మూడు కిలోమీటర్లకు నలభై నిమిషాలు. కుదుపు రాకుండా ఫోర్ లో ఫస్ట్ గేరు దాటలేదు. తల్లీబిడ్డా క్షేమమని మర్నాడు కబురొచ్చింది. ఆ తర్వాత ఆ సీట్లను ఒక్క మాట అనలేదు.

ఫోర్ వీల్ ఉంటే ఎక్కడికైనా వెళ్లొచ్చని మాత్రం అనుకోకండి. మా అత్తవారిది గుంటూరు వైపు. ఒక దసరాకి వెళ్లినప్పుడు వాన పడ్డాక మిరపచేను గట్టు దారిలో దింపాను. నల్లరేగడి. యాభై అడుగులు పోయేసరికి టైరు గాళ్లన్నీ మట్టితో నిండి చక్రం గుండ్రాయిలా నున్నగా అయింది. నాలుగూ తిరుగుతున్నాయి, బండి మాత్రం కదల్లేదు. వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్ కూడా ఉంది, అదీ ఏమీ చేయలేకపోయింది. చివరికి ట్రాక్టరు తెచ్చి లాగారు. ఎర్రమట్టి, గులకరాళ్లు, గెడ్డ, ఇసుక వేరు, రేగడి వేరు. ఆరేదాకా ఆగడమే దానికి మందు.

కొనాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి సూటిగా చెప్పాలి. పాత థార్ హైవే బండి కాదు. 80 దాటాక గాలి హోరు, టైర్ల హోరు కలిసి పక్కవాళ్ల మాట వినపడదు. ఖాళీగా ఉన్నప్పుడు వెనక కమాన్లు చిన్న గుంతకు కూడా ఎగరేస్తాయి, నాలుగు బస్తాల బరువు పడితే మెత్తబడతాయి. ఆ ఏడాది బండ్లకు ఎయిర్‌బ్యాగులు లేవు. పిల్లలతో విజయవాడ వెళ్లాలంటే నేను ఇది తీయను, మా తమ్ముడి కారు అడుగుతాను. మా అమ్మ ఎక్కడానికి వెనక ఎప్పుడూ ఒక ఎత్తుపీట ఉంటుంది. గుడ్డ టాపు మూడేళ్లకు తీసేసి బయట ఒక షాపులో రేకు టాపు కట్టించాను. అద్దం దగ్గర అతుకు సరిగా పెట్టక రెండు వర్షాకాలాలు నీళ్లు నా మోకాలి మీద కారాయి. చివరికి మా ఊరి టింకరింగ్ మేస్త్రీ రబ్బరు పట్టీ మార్చి ఆపాడు. టాపు కట్టించేవాళ్లు డబ్బు ఇచ్చేముందు పైనుంచి పది బకెట్ల నీళ్లు పోయించి చూసుకోండి.

బీఎస్6 అనే కొత్త కాలుష్య నిబంధనలతో 2020లో ఈ పాత థార్ ఆగిపోయింది. చివర్లో 700 బండ్లను థార్ 700 పేరుతో అమ్మారు. 2020 అక్టోబరు 2న కొత్త థార్ వచ్చింది. మా మేనల్లుడి దగ్గర ఉంది, రెండు మూడుసార్లు కొండెక్కించాను. వెనక కమాన్లు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, ఆటోమేటిక్ ఉంది, ఎయిర్‌బ్యాగులున్నాయి, బండ్లను గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ నాలుగు స్టార్లు ఇచ్చింది. ఏ లెక్కన చూసినా నా బండికంటే మంచి బండి. ఇంట్లో ఒకే బండి ఉండాలంటే అదే కొనమంటాను, పిల్లలు పెద్దవాళ్లతో కలిపి నలుగురికి మించితే 2024లో వచ్చిన ఐదు తలుపుల రాక్స్ చూడమంటాను. అసలు జీప్ కంపెనీ కూడా 2016లో మన దేశంలోకి నేరుగా వచ్చింది. అమెరికాలో మహీంద్రా అమ్మిన రాక్సర్ అనే బండి రూపం మీద ఆ కంపెనీ కేసు వేసింది కూడా. మహీంద్రా దాని ముఖం మార్చాల్సి వచ్చింది. ఒకే తల్లి పిల్లలు అలా కోర్టుకెక్కడం చదివి బాధపడ్డాను.

చలికాలంలో లంబసింగికి మంచు చూడటానికి వచ్చే కుర్రాళ్లు నా బండి ఆపి అమ్ముతారా అని అడుగుతుంటారు. పాత థార్‌లకు సెకండ్ హ్యాండ్‌లో మంచి గిరాకీ ఉంది. నేను అమ్మను. మీరు వేరేచోట కొంటుంటే మెరిసే పెయింటు, లావు టైర్లు, పైన కట్టిన లైట్ల వరస చూసి మోసపోకండి. చాపేసి కింద పడుకోండి. చాసిస్ పట్టీల లోపలివైపు వేలు పెట్టి తుప్పు పొడి రాలుతుందేమో చూడండి. సముద్రపు ఇసుకలో ఆడించిన బండికి తుప్పు అక్కడే మొదలవుతుంది. ఇంజన్ బలాన్ని చక్రాల వైపు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పట్టుకొని అటూ ఇటూ తిప్పితే దాని చివర కీళ్లైన క్రాసుల్లో ఎంత ఆట ఉందో తెలుస్తుంది. చిన్న లీవరును ఫోర్ లోలోకి వేయించి పది అడుగులు నడిపించమనండి. ఆ లీవరు ఏళ్ల తరబడి కదలక బిగిసిపోయిన బండ్లు చాలా ఉన్నాయి. అమ్మేవాడు ఇప్పుడెందుకులే అంటే బేరం అక్కడితో ఆపేసి వచ్చేయండి.